అప్పు తెచ్చి, ఉద్యోగం మాని ఇంట్రాడే ట్రేడింగ్ చేయవచ్చా?

మీరు రాసినదాని సారాంశం ఇది. రాజమహేంద్రవరంలో నెలకు 32,000 రూపాయల జీతంతో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు. 40,000 రూపాయలతో ఇంట్రాడే ట్రేడింగ్ (కొన్న షేర్లను అదే రోజు అమ్మేయడం) మొదలుపెట్టి, బ్రోకర్ ఇచ్చే ఐదు రెట్ల మార్జిన్ (సొంత డబ్బుకు ఐదు రెట్ల విలువైన షేర్లు కొనే వెసులుబాటు) వాడుకుని, రెండు నెలల్లో 11,000 రూపాయలు సంపాదించారు. ఇప్పుడు బ్యాంకులో 3 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుని, ఉద్యోగం మానేసి, దీన్నే పూర్తికాలం చేద్దామనుకుంటున్నారు. ఆప్షన్లలోకి (నిర్ణీత ధరకు, నిర్ణీత తేదీన కొనే లేదా అమ్మే హక్కుల ట్రేడింగులోకి) మారమని ఒక స్నేహితుడు, 25,000 రూపాయల కోర్సులో చేరమని మరొకరు సలహా ఇచ్చారు. అమెరికాలో ఉన్న మీ బావగారు తన డబ్బు కూడా మీ ఖాతాలోనే తిప్పమంటున్నారు. నష్టం వస్తే పన్నులో ఏమైనా కలిసివస్తుందా అని చివర అడిగారు.

నేను చాలాకాలం ఒక బ్రోకరేజీ సంస్థలో రిస్క్ విభాగంలో పనిచేశాను. ఏ షేరు పెరుగుతుందో చెప్పడం మా పని కాదు. ఎవరి ఖాతాలో మార్జిన్ ఎంత మిగిలింది, ఎవరికి ఫోన్ చేసి డబ్బు వేయమనాలి, వేయకపోతే ఎవరి పొజిషన్‌ను (తెరిచి ఉంచిన కొనుగోలు లేదా అమ్మకాన్ని) ఎప్పుడు స్క్వేర్ ఆఫ్ చేయాలి, అంటే మేమే మూసేయాలి అన్నవే మేము రోజంతా చూసేవాళ్లం. అందువల్ల నా సమాధానంలో చార్టుల గురించి దాదాపు ఏమీ ఉండదు. కొత్తవారి ఖాతాలు ఖాళీ కావడానికి షేరు ఎంపికలో తప్పు కన్నా, చిన్న మూలధనంతో, అరువు మార్జిన్ మీద, పదేపదే కొని అమ్మడమే పెద్ద కారణమని ఆ ఖాతాల లెడ్జర్లు (జమాఖర్చుల పట్టికలు) చూసిన అనుభవంతో చెబుతున్నాను. రుణం తీసుకోవద్దు, ఉద్యోగం మానవద్దు అన్నది నా సమాధానం. ఎందుకో మీ అంకెలతోనే చూపిస్తాను.

మొదట ఆ 11,000 సంగతి తేల్చుకోవాలి. యాప్‌లో పచ్చరంగులో కనిపించే లాభం చాలా సందర్భాలలో ఖర్చులు తీసివేయని లాభం. ఆ రోజు ట్రేడ్లు, వాటి ఖర్చులు చూపుతూ బ్రోకర్ ప్రతి రోజూ ఈమెయిల్‌కు పంపే కాంట్రాక్ట్ నోట్‌ను కొత్తవారు తెరవనైనా తెరవరు. అసలు కథ అందులో ఉంటుంది. మీ 40,000కు ఐదు రెట్లు అంటే ఒక్కో ట్రేడులో 2 లక్షల రూపాయల షేర్లు కొంటున్నారు. డిస్కౌంట్ బ్రోకర్ దగ్గర కొనడానికి 20, అమ్మడానికి 20 రూపాయల బ్రోకరేజీ పడుతుంది. అమ్మకం విలువపై 0.025 శాతం సెక్యూరిటీస్ లావాదేవీ పన్ను, అంటే 50 రూపాయలు. ఎక్స్ఛేంజీ రుసుము రెండు వైపులా కలిపి దాదాపు 12, స్టాంపు డ్యూటీ 6, బ్రోకరేజీ మీద, ఎక్స్ఛేంజీ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కలిపితే మొత్తం 118 రూపాయల దాకా తేలుతుంది. వినడానికి స్వల్పమే. కానీ రోజుకు రెండు ట్రేడ్ల చొప్పున నెలకు 20 రోజులు చేస్తే 40 ట్రేడ్లు, 4,720 రూపాయలు అవుతుంది. ఖర్చు 2 లక్షల మీద పడుతున్నా, దాన్ని భరించేది మాత్రం మీ సొంత 40,000 రూపాయలు. ఆ లెక్కన నెలకు దాదాపు 12 శాతం మూలధనం కేవలం ఖర్చులకే పోతుంది. మీరు నెలకు 12 శాతం సంపాదించగలిగితే సున్నా దగ్గర నిలబడతారన్నమాట.

కాంట్రాక్ట్ నోట్‌లో కూడా కనిపించని ఖర్చు మరొకటి ఉంది. 200 రూపాయల షేరును మార్కెట్ ఆర్డరుతో (ధర చెప్పకుండా, దొరికిన ధరకు) కొన్నప్పుడు మీరు చూసిన ధరకన్నా పది పైసలు ఎక్కువకు, అమ్మినప్పుడు పది పైసలు తక్కువకు పడటం మామూలే. 2 లక్షలకు వెయ్యి షేర్లు వస్తాయి కాబట్టి, ఆ పది పైసల తేడా రెండు వైపులా కలిపి 200 రూపాయలు. మీరు కట్టే బ్రోకరేజీ, పన్నులు అన్నీ కలిపినా దానికన్నా తక్కువే. పెద్ద కంపెనీల షేర్లలో ఈ తేడా తక్కువగా ఉంటుంది, చిన్న కంపెనీల్లో ఇంకా ఎక్కువగా ఉంటుంది. కొత్తవారికి మాత్రం ఎందుకోగానీ చిన్న కంపెనీలే ఎక్కువ నచ్చుతాయి.

ఇది నా ఒక్కడి లెక్క కాదు. 2024 జులైలో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2022-23 ఆర్థిక సంవత్సరంలో నగదు విభాగంలో (నేరుగా షేర్లు కొని అమ్మే విభాగంలో) ఇంట్రాడే చేసిన వ్యక్తులలో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ముప్పై ఏళ్లలోపు వారిలో నష్టపోయినవారు 76 శాతం. ఏడాదికి 500కు మించి ట్రేడ్లు చేసినవారిని విడిగా చూస్తే ఆ వాటా 80 శాతానికి చేరింది. అనుభవం పెరిగేకొద్దీ నైపుణ్యం పెరగాలి, నైపుణ్యం పెరిగితే నష్టపోయేవారు తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగింది అందుకు విరుద్ధం. నష్టపోయినవారు తమ ట్రేడింగ్ నష్టానికి అదనంగా, ఆ నష్టంలో 57 శాతానికి సమానమైన సొమ్మును లావాదేవీల ఖర్చుగా చెల్లించారని కూడా అదే అధ్యయనం లెక్కగట్టింది. లక్ష పోగొట్టుకున్నవారు ఆ పోగొట్టుకోవడానికి మరో 57,000 కట్టారన్నమాట.

"నేర్చుకునే దశలో నష్టం సహజం, ఏడాది ఓపిక పడితే కుదురుకుంటుంది" అనే వాదన మీకు చాలామంది చెబుతారు. బ్రెజిల్‌లో ఇండెక్స్ ఫ్యూచర్లలో (సూచీ రాబోయే తేదీ ధరపై ఇప్పుడే చేసుకునే ఒప్పందాలలో) డే ట్రేడింగ్ మొదలుపెట్టినవారిని కొందరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. మధ్యలో మానేసినవారిని పక్కనపెట్టి, 300 రోజులకు మించి పట్టుదలతో కొనసాగినవారిని మాత్రమే తీసుకున్నా, 97 శాతం మంది నష్టపోయారు. ఆ దేశపు కనీస వేతనం కన్నా ఎక్కువ సంపాదించినవారు 1.1 శాతం మాత్రమే. కొనసాగినకొద్దీ మెరుగుపడిన దాఖలా వారికి కనిపించలేదు. మన మార్కెట్ బ్రెజిల్ మార్కెట్ కాదన్న మాట నిజమే కానీ, సెబీ చూపిన అంకెలు కూడా అదే దిక్కుకు చూపిస్తున్నాయి.

ఇక మార్జిన్. 2021 సెప్టెంబరు నుంచి సెబీ పీక్ మార్జిన్ నిబంధనలు (రోజులో ఏ క్షణంలోనైనా కనీస మార్జిన్ ఉండి తీరాలనేవి) పూర్తిగా అమల్లోకి వచ్చాక ఇంట్రాడేలో ఐదు రెట్లకు మించి ఇవ్వడం బ్రోకర్లకు కుదరడం లేదు. అంతకుముందు ఇరవై, ముప్పై రెట్లు కూడా ఇచ్చేవారు. ఐదు రెట్లే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. 2 లక్షల పొజిషన్‌లో ఒక శాతానికి స్టాప్‌లాస్ (ధర అంత పడగానే అమ్మేయమనే ఆర్డరు) పెట్టుకున్నారనుకుందాం. ఇది క్రమశిక్షణగల ట్రేడరు పెట్టుకునే హద్దే. స్టాప్‌లాస్ తగిలిన ప్రతిసారీ 2,000 పోతుంది, అంటే మీ సొంత డబ్బులో 5 శాతం. గెలుపోటములు సగం సగం అనుకున్నా, వంద ట్రేడ్లలో ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు నష్టాలు వచ్చే అవకాశం 80 శాతానికి పైగా ఉంటుంది. ఇది దురదృష్టం కాదు, కేవలం సంభావ్యత. ఆ ఐదు నష్టాలు, వాటి ఖర్చులు కలిపి 10,600 రూపాయల దాకా అవుతుంది. అంటే మీరు రెండు నెలల్లో సంపాదించినది దాదాపు అంతా వారంలోపే వెళ్లిపోవచ్చు. అది మీ సొంత 40,000లోంచే పోతే, మిగిలే 29,400ను మళ్లీ 40,000 చేయాలంటే 36 శాతం లాభం కావాలి. పోయిన శాతం కన్నా తిరిగి రాబట్టవలసిన శాతం ఎప్పుడూ ఎక్కువే. సగం పోతే రెట్టింపు చేయాలి.

నా అనుభవంలో ఖాతా చెడిపోయేది సరిగ్గా ఈ చోటే. వరుసగా నష్టం వచ్చిన మనిషి పొజిషన్ పరిమాణం తగ్గించడు, పెంచుతాడు. మధ్యాహ్నం రెండు గంటల తర్వాత ఫండ్స్ యాడ్ చేసే ఖాతాలను మేము ప్రత్యేకంగా గమనించేవాళ్లం, ఎందుకంటే ఉదయం పోయిన సొమ్మును సాయంత్రంలోగా రాబట్టాలనే తొందరలోనే ఎక్కువమంది ఆ పని చేస్తారు. ఇంకో అలవాటు మరీ సాధారణం. ఇంట్రాడేగా కొన్న షేరు పడిపోతే, నష్టానికి అమ్మడం ఇష్టంలేక, మిగతా డబ్బు వేసి దాన్ని డెలివరీగా (పూర్తి ధర కట్టి తమ ఖాతాలోనే ఉంచుకునే షేరుగా) మార్చేస్తారు. పొద్దున ఒక శాతం లాభం కోసం కొన్న షేరు సాయంత్రానికి "దీర్ఘకాలిక పెట్టుబడి" అవుతుంది. మర్నాడు ఇంకా పడితే యావరేజ్ చేస్తారు, అంటే తక్కువ ధరకు మరికొన్ని కొంటారు. కొన్ని నెలలకు అలాంటివారి పోర్ట్‌ఫోలియో చూస్తే, లాభం వచ్చినవన్నీ చిన్న మొత్తాలకు ఎప్పుడో అమ్మేసి ఉంటారు, నష్టంలో ఉన్నవి మాత్రం పేరుకుపోయి ఉంటాయి. ఆ జాబితాను వారు ఒక్కరోజు కూడా ఉద్దేశపూర్వకంగా ఎంచుకుని ఉండరు.

స్టాప్‌లాస్ పెడితే నష్టం అక్కడితో ఆగుతుందన్నది కూడా సగం నిజమే. ధర మెల్లగా దిగుతున్నంతసేపు స్టాప్‌లాస్ పనిచేస్తుంది. ధర దూకితే పనిచేయదు. మన హైదరాబాద్ కంపెనీ సత్యం ఉదంతమే దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 2009 జనవరి 6న 179 రూపాయల దగ్గర ముగిసిన ఆ షేరు, ఖాతాల్లో తారుమారు చేశామని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసిన జనవరి 7న దాదాపు 40 రూపాయల దగ్గర ముగిసింది. 170 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నవారు 170కి అమ్మగలిగారని అనుకోకూడదు. అలాంటప్పుడు స్టాప్‌లాస్ ఆర్డరు మార్కెట్ ఆర్డరైతే దొరికిన ధరకు పోతుంది, నిర్ణీత ధరకే అమ్మమనే లిమిట్ ఆర్డరైతే అసలు అమలే కాకుండా ఉండిపోతుంది. ఒక రోజులో ధర 5 శాతానికి మించి కదలకూడదన్న హద్దు (సర్క్యూట్) ఉన్న చిన్న షేర్లలో లోయర్ సర్క్యూట్ పడ్డాక కొనేవారే ఉండరు; తెరమీద ధర కనిపిస్తుంది, అమ్మడం మాత్రం కుదరదు.

ముందు అమ్మి తర్వాత కొనే షార్ట్ సెల్లింగ్‌లో ఇదే ప్రమాదం తలకిందులుగా వస్తుంది. మీరు అమ్మిన షేరు అప్పర్ సర్క్యూట్‌కు వెళ్లిపోతే 3.30 లోపు తిరిగి కొనడం కుదరదు. అప్పుడు మీరు ఇవ్వవలసిన షేర్లను ఎక్స్ఛేంజీ వేలంలో కొని, ఆ ధర, దానిమీద జరిమానా మీ లెడ్జర్‌లో వేస్తుంది. కొత్తవారికి ఈ వేలం అనేది ఒకటుందనే తెలియదు, తెలిసేటప్పటికి డెబిట్ పడి ఉంటుంది. పడుతుందని నమ్మకం ఉన్నా, సర్క్యూట్ హద్దు తక్కువగా ఉన్న షేరును షార్ట్ చేయవద్దు.

2024 జూన్ మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3, సోమవారం నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగి 23,263 దగ్గర ముగిసింది. మర్నాడు లోక్‌సభ ఫలితాలు, మన దగ్గర అసెంబ్లీ ఫలితాలు కూడా వెలువడుతుండగా, నిఫ్టీ 1,379 పాయింట్లు, అంటే దాదాపు 6 శాతం పడిపోయింది. ఐదు రెట్ల మార్జిన్ మీద ఆ స్థాయి పతనం అంటే సొంత డబ్బులో 30 శాతం. ఫ్యూచర్లలో ఉన్నవారికి ఇంకా ఎక్కువ. అదే వారం శుక్రవారం, జూన్ 7న నిఫ్టీ 23,290 దగ్గర ముగిసింది, అంటే సోమవారం ఉన్నచోటికన్నా కొద్దిగా పైన. సొంత డబ్బుతో డెలివరీ తీసుకుని ఊరుకున్నవారికి ఆ వారంలో ఏమీ జరగలేదు. మార్జిన్ మీద ఉన్నవారిని మంగళవారమే స్క్వేర్ ఆఫ్ చేసేశారు కాబట్టి, శుక్రవారం వచ్చిన ధర వారికి పనికిరాలేదు. మార్కెట్ ఏ దిక్కుకు పోతుందన్న అంచనా ఇద్దరిదీ ఒకటే కావచ్చు. అరువు తీసుకున్నవాడికి ఆ అంచనా నిజమయ్యేదాకా ఆగే హక్కు లేదు, అంతే తేడా.

ఆప్షన్ల గురించి మీ స్నేహితుడు చెప్పినదాంట్లో ఒక వాక్యం నిజం: కొనేవారి నష్టం ఆ హక్కు కోసం కట్టిన ధరకే, అంటే ప్రీమియంకే పరిమితం. కానీ ఆ పరిమిత నష్టమే వారంవారం మొత్తంగా పోతుంటే దాన్ని పరిమితం అనుకోవడం ఆత్మవంచన. ఉదాహరణకు నిఫ్టీ 25,000 దగ్గర ఉందని, వీక్లీ ఎక్స్‌పైరీకి (వారంవారం ఆప్షన్ల గడువు ముగిసే రోజుకు) ముందురోజు 25,200 కాల్‌ను (ఆ ధరకు కొనే హక్కును) 40 రూపాయలకు కొన్నారని అనుకుందాం. మర్నాడు నిఫ్టీ 150 పాయింట్లు పెరిగి 25,150 దగ్గర ముగిసింది. మీ అంచనా సరైనదే, అయినా చేతికి వచ్చేది సున్నా. ఖర్చుల ఊసెత్తకుండా చూసినా 25,240 దాటితేనే మీకు లాభం. దిక్కు, దూరం, సమయం మూడూ కలిసిరావాలి. పైగా బడ్జెట్, ఎన్నికల ఫలితాలు, రిజర్వ్ బ్యాంక్ సమీక్ష వంటి రోజులకు ముందు ప్రీమియంలు ఉబ్బి ఉంటాయి. ఆ సంఘటన జరిగిపోగానే, ధర మీరనుకున్న వైపే కదిలినా ప్రీమియం చప్పబడిపోతుంది. కంపెనీ షేర్ల ఆప్షన్లలో మరో మెలిక ఉంది. వాటికి 2019 నుంచి భౌతిక సెటిల్‌మెంట్ అమలవుతోంది కాబట్టి, లాభంలో ఉన్న కాల్ ఆప్షన్‌ను ఎక్స్‌పైరీ దాకా వదిలేస్తే మొత్తం లాట్ (ఒక కాంట్రాక్ట్‌లోని షేర్లన్నిటి) విలువ కట్టి షేర్లు తీసుకోవలసి వస్తుంది. కొన్ని వేలు పెట్టి కొన్న ఆప్షన్‌కు లక్షల్లో డబ్బు కట్టమని ఫోన్ వస్తే కొత్తవారు మమ్మల్నే మోసగాళ్లనుకునేవారు.

ఈ విభాగంపై సెబీ అంకెలు ఇంట్రాడే అంకెలకన్నా కఠినమైనవి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరి సగటు నష్టం ఖర్చులతో కలిపి దాదాపు 2 లక్షలు, అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకు పైనే. ఖర్చులు పోను లక్షకు మించి మిగుల్చుకున్నవారు ఒక్క శాతం. వరుసగా నష్టపోయినవారిలో నాలుగింట మూడొంతుల మందికి పైగా ఆపకుండా కొనసాగారు. మరోవైపు 2023-24లో బ్రోకరేజీ సంస్థలు సొంత డబ్బుతో చేసే ప్రొప్రైటరీ ట్రేడింగ్‌కు 33,000 కోట్లు, విదేశీ సంస్థాగత మదుపరులకు 28,000 కోట్లు, ఖర్చులు తీయకముందు లాభం వచ్చింది. అందులో అత్యధిక భాగం అల్గో ట్రేడింగ్ (కంప్యూటరు ప్రోగ్రాములు చేసే ట్రేడింగ్) ద్వారా వచ్చినదే. అంటే మీరు ఆప్షన్ కొంటున్నప్పుడు అవతల అమ్ముతున్నది మీలాంటి మరో ఉద్యోగి కాకపోవచ్చు, సెకనులో వేలవంతు సమయంలో ధర సరిచూసుకునే కంప్యూటరు కావచ్చు. ఈ నివేదిక తర్వాత సెబీ 2024 నవంబరు నుంచి ఒక్కో ఎక్స్ఛేంజీలో ఒకే సూచీకి వీక్లీ ఎక్స్‌పైరీ ఉండాలని, కాంట్రాక్ట్ కనీస విలువను 15 లక్షలకు పెంచాలని నిబంధనలు తెచ్చింది. అయినా 2024-25లో కూడా 91 శాతం మంది నష్టపోయారు. నికర నష్టం లక్ష కోట్లు దాటింది.

ఇప్పుడు మీ అసలు ప్రణాళికకు వద్దాం. 3 లక్షల రుణాన్ని 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 10,250 రూపాయలు. మీ ఇల్లు ఇప్పుడు నడుస్తున్నట్టే నడవాలంటే 32,000 కావాలి. రెండూ కలిపి నెలకు 42,250. మీ దగ్గర ఉండే మొత్తం మూలధనం, 11,000 లాభంతో సహా, 3,51,000. అంటే ఖర్చులన్నీ పోను ప్రతి నెలా 12 శాతం తీయాలి, అది మార్కెట్ పడిన నెలయినా, మీకు జ్వరం వచ్చిన నెలయినా. అంత తీసినా మూలధనం ఒక్క రూపాయి పెరగదు, ఎందుకంటే వచ్చినదంతా ఇంటికీ బ్యాంకుకూ పోతుంది. పదేళ్ల కాలానికి ఏడాదికి 15 శాతం రాబట్టిన ఫండ్ మేనేజర్లను మనం మెచ్చుకుంటాం. మీకు కావలసింది ఏడాదికి 144 శాతం. జీతం వస్తుండగా ట్రేడింగ్ చేసే మనిషి మంచి అవకాశం కోసం వారం రోజులు ఖాళీగా ఉండగలడు. వాయిదా తేదీ తరుముతున్న మనిషి ఖాళీగా ఉండలేడు, ప్రతి కదలికా అతనికి అవకాశంగానే కనిపిస్తుంది. అప్పు నష్టాన్ని పెంచుతుందన్నది అందరికీ తెలిసిందే; నిర్ణయాన్ని కూడా చెడగొడుతుందన్నది అప్పు చేశాకగానీ తెలియదు.

పైగా ఆ రుణం ఈ పనికి వాడుతున్నామని బ్యాంకుకు చెప్పి తీసుకోరు కూడా. వ్యక్తిగత రుణ ఒప్పందాలలో షేర్లు, స్పెక్యులేషన్ కోసం సొమ్ము వాడరాదన్న షరతు సాధారణంగా ఉంటుంది. ఒకసారి చదవండి.

బావగారి డబ్బు విషయంలో నా సలహా ఇంకా సూటిగా ఉంటుంది: వద్దు. ప్రవాస భారతీయులకు మన మార్కెట్లో ఇంట్రాడేకు అనుమతి లేదు, వారు షేర్లను డెలివరీగానే కొని అమ్మాలి. ఆయన సొమ్ము మీ పేరుమీద తిప్పితే ఆ లాభనష్టాలు, వాటి పన్ను బాధ్యత చట్టం దృష్టిలో మీవే. లాభంలో వాటా ఇస్తానని పదిమంది దగ్గర డబ్బు తీసుకుని నిర్వహించడం మొదలైతే అది సెబీ రిజిస్ట్రేషన్ లేకుండా చేయకూడని పని. చట్టం సంగతి అటుంచినా, లాభం వచ్చినప్పుడు అందరూ బంధువులే, నష్టం వచ్చాక పండక్కి అక్కయ్య ఇంటికి వెళ్లడానికి కూడా ముఖం చెల్లదు.

కోర్సు గురించి ఒక ఉదంతం చెబుతాను. "బాప్ ఆఫ్ చార్ట్" పేరుతో యూట్యూబ్‌లో ప్రసిద్ధుడైన ఒక ట్రేడింగ్ శిక్షకుడిపై 2023 అక్టోబరులో సెబీ ఉత్తర్వు ఇచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలు అమ్మి వసూలు చేశారంటూ 17 కోట్లకు పైగా సొమ్మును జమ చేయమని ఆదేశించింది. ఆ ఉత్తర్వులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించిన విషయం వేరే: అదే కాలంలో ఆయన సొంత ట్రేడింగ్‌లో కోట్ల రూపాయల నికర నష్టం ఉందని సెబీ గుర్తించింది. 2025 జనవరిలో సెబీ మరో స్పష్టత ఇచ్చింది. విద్యే బోధిస్తున్నామనేవారు గడచిన మూడు నెలల లోపు షేరు ధరలను ఉపయోగించి చెప్పకూడదని అందులో పేర్కొంది. కాబట్టి లైవ్ మార్కెట్‌లో కాల్స్ (ఏది కొనాలి, ఎప్పుడు అమ్మాలి అనే సూచనలు) ఇస్తామని కోర్సు అమ్మేవారెవరైనా ఆ హద్దు దాటుతున్నట్టే. సలహాదారుడి రిజిస్ట్రేషన్ సంఖ్యను సెబీ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. నేర్చుకోవాలన్న కోరిక మంచిదే; సెబీ ఏర్పాటు చేసిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం నిర్వహించే సెబీ ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్ష ఉచితం, దానికి చదవవలసిన పాఠ్యం కూడా ఉచితమే. ఇక వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులలో చేర్చి, ప్రత్యేకమైన యాప్ డౌన్‌లోడ్ చేయించి, అందులో లాభాలు చూపించేవారు ట్రేడింగ్ శిక్షకులు కూడా కారు, నేరుగా సైబర్ నేరగాళ్లు. అందులో డబ్బు వేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ సొమ్ము నిలిపివేయించే అవకాశం తగ్గిపోతుంది.

మీరు అసలు ట్రేడింగే చేయకూడదని నేను అనడం లేదు. ఉద్యోగంలో ఉంటూ, ఆ 40,000తోనే, మార్జిన్ పూర్తిగా ఆపేసి ఒక వంద ట్రేడ్లు చేసి చూడండి. ఎందుకు కొన్నారో కొనకముందే ఒక పుస్తకంలో రాయండి. ఎక్కడ అమ్ముతారో కూడా ముందే రాయండి. నెలాఖరున యాప్‌లో కనిపించే అంకెను కాకుండా, బ్యాంకు నుంచి వేసినదానికీ ప్రస్తుతం లెడ్జర్‌లో ఉన్నదానికీ మధ్య తేడా చూసుకోండి. అదే డబ్బు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో ఊరికే ఉంటే ఎంతయ్యేదో పక్క గడిలో రాయండి. మీరు లాభం తీసిన రెండు నెలల్లో మార్కెట్ మొత్తంగా పెరిగిందా పడిందా అన్నది కూడా చూడండి. పెరిగిన మార్కెట్లో ఐదు రెట్ల మార్జిన్‌తో వచ్చిన 11,000, నిజానికి 2 లక్షల మీద వచ్చిన 5.5 శాతం. ఆ వంద ట్రేడ్ల తర్వాత పక్క గడిలోని అంకె మీ అంకెకన్నా ఎక్కువగా ఉంటే, ఏం చేయాలో మీకే తెలుస్తుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగం మీ ఖాతాలో ఇప్పటికే తెరిచి ఉంటే బ్రోకర్‌కు చెప్పి మూయించండి. చేయి ఆగనప్పుడు ఖాతాను కొంతకాలం స్వచ్ఛందంగా స్తంభింపజేసుకునే సదుపాయం కూడా సెబీ ఆదేశంతో బ్రోకర్లందరూ ఇస్తున్నారు.

చివరగా పన్ను. ఇంట్రాడే లాభనష్టాలను ఆదాయపు పన్ను చట్టం స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయంగా చూస్తుంది. అందులో వచ్చిన నష్టాన్ని జీతం నుంచి తీసివేయడం కుదరదు, ఆప్షన్లలో వచ్చిన లాభం నుంచి కూడా కుదరదు. స్పెక్యులేటివ్ లాభంతోనే సర్దుబాటు చేసుకోవాలి, అదీ తర్వాతి నాలుగేళ్ల లోపు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ నష్టం మామూలు వ్యాపార నష్టం కాబట్టి ఎనిమిదేళ్లు ముందుకు తీసుకువెళ్లవచ్చు, కానీ దాన్ని కూడా జీతంతో సర్దుబాటు చేయరు. డెలివరీగా కొని పన్నెండు నెలల లోపు అమ్మితే వచ్చే లాభానికి 2024 జులై 23 నుంచి పన్ను రేటు 20 శాతం. నష్టాన్ని ముందుకు తీసుకువెళ్లాలంటే గడువు తేదీలోగా రిటర్ను దాఖలు చేసి తీరాలి. జీతం మాత్రమే ఉన్నప్పుడు మీరు వేస్తూ వచ్చిన ఐటీఆర్-1 ఇక సరిపోదు, ఐటీఆర్-3 వేయాలి. మీ బ్రోకర్ వెబ్‌సైట్‌లో ట్యాక్స్ పీ అండ్ ఎల్ (పన్ను కోసం లాభనష్టాల లెక్క) పేరుతో ఒక నివేదిక ఉంటుంది, దాన్ని ఇప్పుడే దించుకుని పెట్టుకోండి. ఖర్చులు పోను ఆ 11,000లో నిజంగా ఎంత మిగిలిందో అందులో ఉంటుంది, మిగిలినదాన్ని ఈ ఏడాది రిటర్నులో చూపవలసిందే.